ర్యామ్ వోల్టేజ్ పెంచే ముందు ప్రాసెసర్ సంగతి చూసుకోండి

పోయిన మే నెలలో రామ్‌నగర్ నుంచి ఒక ఫోటోగ్రాఫర్ తన సిస్టమ్‌ని ఆటోలో వేసుకుని వచ్చాడు. పెళ్లిళ్ల సీజన్, చేతి నిండా పని ఉన్న మనిషి. "అన్నా, హార్డ్ డిస్క్ పోయినట్టుంది. ఫోటోలు ఖరాబైతున్నయ్" అన్నాడు. కౌంటర్ మీదే కనెక్ట్ చేసి ఒక ఫోటో తెరిచాం. తలంబ్రాల ఫోటో. పెళ్లికూతురి బాసికం దాకా చక్కగా ఉంది. కనుబొమల దగ్గర గీత గీసినట్టు ఆగిపోయి, అక్కడి నుంచి కింద బొమ్మంతా కొంచెం పక్కకు జరిగింది, రంగులు తిరిగిపోయాయి. పసుపు చీర ఊదా రంగులో ఉంది, దోసిట్లో తలంబ్రాలు ఆకుపచ్చగా ఉన్నాయి. అదే ఫోటో కెమెరా కార్డులో చూస్తే ఏ లోపమూ లేదు. కార్డు నుంచి ఫోల్డర్ మొత్తం మళ్లీ కాపీ చేశాం. ఈసారి ఆ ఫోటో బాగానే వచ్చింది, వేరే రెండు ఫోటోలు చెడిపోయాయి.

డిస్క్ పోతుంటే సాధారణంగా చెడిన చోటే మళ్లీ చెడుతుంది. ప్రతిసారీ చోటు మారుతోందంటే తప్పు దారిలో జరుగుతోందని నా అనుమానం. కాపీ అయ్యే డేటా అంతా ర్యామ్ మీదుగానే, అంటే సిస్టమ్ పని చేసేటప్పుడు డేటాను తాత్కాలికంగా పట్టుకునే మెమరీ మీదుగానే వెళ్తుంది. బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల పేజీలోకి వెళ్లాను. ర్యామ్ స్టిక్కుల మీద లేబుల్‌లో ఉన్న స్పీడ్ 3200, వోల్టేజ్ 1.35 వోల్టులు. బయోస్‌లో ఉన్నది 3600, 1.50 వోల్టులు. ఎవరు పెట్టారని అడిగితే, ఏడాదిన్నర కింద మేనల్లుడు వచ్చి, ఎక్స్‌పోర్ట్ తొందరగా అవుతుందని పెట్టి వెళ్లాడట.

నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 16 ఏళ్లుగా సిస్టమ్‌లు బిగిస్తున్నాను, రిపేర్ చేస్తున్నాను. ఓవర్‌క్లాకింగ్, అంటే కంపెనీ చెప్పిన స్పీడ్ కన్నా ఎక్కువలో నడపడం, నాకు ఇష్టం. చేయొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. ర్యామ్ వోల్టేజ్ పెంచితే పోయేది ర్యామేనని చాలామంది నమ్మకం. ఎక్కువసార్లు ముందు దెబ్బతినేది ప్రాసెసర్. ఇది తెలియక పాడైన సిస్టమ్‌లు నా టేబుల్ మీదికి వస్తూనే ఉన్నాయి.

ఆ రోజు ఏం తేలిందో చెప్తాను. సెట్టింగులన్నీ తీసేసి, లేబుల్ మీద ఉన్నట్టే 3200, 1.35 పెట్టి, పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం నడిపాను. రెండో పాస్‌లో, అంటే పరీక్ష రెండో రౌండులో ఎర్రర్లు. స్టిక్కులు తీసి గోల్డ్ పిన్నులు రబ్బరుతో రుద్ది పెట్టాను, అదే ఫలితం. ఆయన స్టిక్కులు నా టెస్ట్ బెంచ్‌లో పెట్టాను. 3200లో నాలుగు పాసులు, ఒక్క ఎర్రర్ లేదు. షాపులోని కొత్త స్టిక్కులు ఆయన బోర్డులో పెట్టాను. మళ్లీ ఎర్రర్లు. ఆయన ప్రాసెసర్‌ని నా బోర్డులోకి మార్చాను, ఎర్రర్లు దాని వెంటే వచ్చాయి. 2666కి దించితే ఆగాయి. అది 2020 నాటి ప్రాసెసర్, కంపెనీ లెక్కలోనే 2933 వరకు నడవాల్సింది. ర్యామ్ గట్టిగానే ఉంది, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ బలహీనపడింది.

మెమరీ కంట్రోలర్ అంటే ర్యామ్‌తో మాట్లాడే భాగం. ఒకప్పుడు అది మదర్‌బోర్డు మీద నార్త్‌బ్రిడ్జ్ అనే వేరే చిప్‌లో ఉండేది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో దాన్ని ప్రాసెసర్‌లోకి తెచ్చింది. ఇంటెల్ 2008లో మొదటి కోర్ ఐ7తో తెచ్చింది. అప్పటి నుంచి ర్యామ్ స్లాట్ నుంచి వచ్చే తీగలు సూటిగా ప్రాసెసర్ పిన్నులకే వెళ్తాయి. మధ్యలో ఆపేవాళ్లు లేరు. ఆ మొదటి ఐ7ల కాలంలో డీడీఆర్3 తరం ర్యామ్ స్టిక్కులు 1.8, 1.9 వోల్టులవి కూడా మార్కెట్లో దొరికేవి. అవి పెడితే ప్రాసెసర్ పోతుందని ఇంటెల్ 1.65 దాటొద్దని చెప్పింది. కొన్ని బోర్డుల ర్యామ్ స్లాట్ల మీద ఈ హెచ్చరికతో స్టిక్కర్ అంటించి అమ్మారు. నేను పని నేర్చుకున్న కొత్తలో, స్టిక్ గుచ్చాలంటే ముందు ఆ కాగితం పీకాల్సి వచ్చేది.

ఆ 1.65 అనే అంకె జనం బుర్రల్లో ఉండిపోయింది. దానితోనే పెద్ద చిక్కు. మొన్న ఒక ఇంజనీరింగ్ కుర్రాడు అడిగాడు: "అన్నా, మా అన్నయ్య సిస్టమ్ల 1.65 పెడితే ఐదేండ్లు నడిచింది. నాది కొత్తది గద, నేను పెట్టుకుంటే ఏమైతది?" వాళ్ల అన్నయ్యది డీడీఆర్3. దాని మామూలు వోల్టేజ్ 1.5. ఈ కుర్రాడిది డీడీఆర్4, మామూలు వోల్టేజ్ 1.2. డీడీఆర్5కి వచ్చేసరికి 1.1. తరం మారిన కొద్దీ ట్రాన్సిస్టర్లు సన్నబడుతున్నాయి, తట్టుకునే వోల్టేజ్ తగ్గుతోంది. డీడీఆర్4 ప్రమాణాల్లో ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదని రాసుకున్న హద్దు 1.5. అంటే అన్నయ్య దగ్గర కాస్త ఎక్కువనిపించిన అంకె తమ్ముడి దగ్గర హద్దు దాటిపోయినట్టే. వేడి లెక్క చూడండి. ఖర్చయ్యే కరెంటు సుమారుగా వోల్టేజ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.2 నుంచి 1.35కి వెళ్తే అది పావు వంతుకు పైగా పెరుగుతుంది. 1.5కి వెళ్తే ఒకటిన్నర రెట్లు. 1.65 అంటే దాదాపు రెట్టింపు. స్పీడ్ పెంచితే దాని మీద మళ్లీ అదనం.

ఎక్కువ వోల్టేజ్ పెట్టగానే పొగ వస్తే మంచిదే, వెంటనే తెలిసిపోతుంది. మామూలుగా జరిగేది అది కాదు. ట్రాన్సిస్టర్ లోపల కరెంటును ఆపే పొర చాలా పలుచగా ఉంటుంది. ఎక్కువ వోల్టేజ్, ఎక్కువ వేడి కలిస్తే ఆ పొర రోజురోజుకూ అరుగుతుంది. సన్నటి లోహపు తీగల్లో పరమాణువులు కరెంటు వెంట మెల్లగా కొట్టుకుపోతాయి. నెలలు గడిచాక, నిన్నటి దాకా 1.40లో నిలబడిన సిస్టమ్ ఇవాళ 1.42 అడుగుతుంది. చాలామంది అదే పెడతారు. ఇంకో మూడు నెలలకు 1.45. బయోస్ రీసెట్ కొట్టినా, బ్యాటరీ తీసి పెట్టినా అరిగింది తిరిగి రాదు. మీ సిస్టమ్ పాత సెట్టింగ్‌కి ఎక్కువ వోల్టేజ్ అడుగుతోందంటే ఆ రోజే స్పీడ్ దించండి. ఒక్క పాయింట్ కూడా పెంచకండి.

ఇక పని ఎలా చేయాలో చూద్దాం.

ముందు స్టిక్ బయటికి తీసి లేబుల్ చదవండి. స్పీడ్, టైమింగులు (ర్యామ్ జవాబివ్వడానికి తీసుకునే ఆలస్యం లెక్కలు), వోల్టేజ్ మూడూ ఉంటాయి. ఫోన్‌తో ఫోటో తీసుకోండి. బయోస్ తాజాది వేసుకోండి. దీని సంగతి మళ్లీ వస్తుంది. తర్వాత ఏదీ ముట్టుకోకుండా, బయోస్‌లో ఇప్పుడున్న వోల్టేజీల పేజీని కూడా ఫోటో తీయండి. రేపు ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి దారి అదే.

ఇంటెల్ బోర్డులో ఎక్స్ఎంపీ, ఏఎండీ డీడీఆర్5 బోర్డులో ఎక్స్‌పో అని ఒక ప్రొఫైల్ ఉంటుంది. అది ఆన్ చేస్తే లేబుల్ మీది అంకెలన్నీ వాటంతట అవే పడతాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూసుకోవాలి, చాలామంది చూసుకోరు. ఆన్ చేశాక ర్యామ్ వోల్టేజ్ ఒక్కటే చూసుకుని బయటికి వచ్చేస్తారు. దాని పక్కన ఉండే మిగతా వరుసలు చూడాలి. ఇంటెల్ బోర్డుల్లో సిస్టమ్ ఏజెంట్, వీసీసీఐఓ అని ఉంటాయి. ఏఎండీలో ఎస్ఓసీ అని ఉంటుంది. ఇవి ప్రాసెసర్ లోపల మెమరీ కంట్రోలర్‌కి వెళ్లే వోల్టేజీలు. ఇవి ఆటోలో ఉంటే, మీరు ర్యామ్ స్పీడ్ పెంచగానే బోర్డు వీటిని తనంతట తాను లేపుతుంది. ఆటో అంటే క్షేమమని మనం అనుకుంటాం. ఎలాగైనా సిస్టమ్ బూట్ కావాలన్నదే బోర్డు చూసుకునేది. మీ ప్రాసెసర్ ఐదేళ్లు ఉండాలని అది చూడదు. రామ్‌నగర్ సిస్టమ్‌లో మేనల్లుడి సెట్టింగులు తీసేయక ముందు నేను తీసిన ఫోటోలో సిస్టమ్ ఏజెంట్ 1.42, వీసీసీఐఓ 1.38 ఉన్నాయి. ఆ కుర్రాడు వాటిని ముట్టుకోనే లేదు. ర్యామ్ వరుసలో 1.50, స్పీడ్ వరుసలో 3600 అని కొట్టాడంతే.

ఆటో ఎంత దూరం వెళ్తుందో 2023 ఏప్రిల్‌లో లోకమంతా చూసింది. ఏఎండీ రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే ఉబ్బి, కాలిపోయాయి. కింద బోర్డు పిన్నులు కూడా మాడాయి. ర్యామ్‌కి ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు ఎస్ఓసీ వోల్టేజ్ పైకి వెళ్లడం దానికి ప్రధాన కారణంగా తేలింది. ఏఎండీ కొత్త ఫర్మ్‌వేర్ (బయోస్ అప్‌డేట్‌లో వచ్చేది) ఇచ్చి ఎస్ఓసీని 1.3 వోల్టుల దగ్గర కట్టేసింది. బయోస్ ముందే తాజాది వేసుకోమన్నది అందుకే. ఆ తరం బోర్డు మీద పాత బయోస్ ఉంటే, ప్రొఫైల్ ఆన్ చేయడానికి ముందే మార్చుకోండి.

కాబట్టి ఈ వరుసలు ఆటోలో వదలకుండా మీ చేత్తో అంకె కొట్టండి. నేను కస్టమర్ల సిస్టమ్‌లకు పెట్టేవి ఇవి. ఏఎం4 సాకెట్ (డీడీఆర్4 తరం) రైజెన్‌లో ఎస్ఓసీ 1.10 దగ్గర మొదలుపెడతాను, 1.15 దాటను. ఏఎం5 సాకెట్ (డీడీఆర్5 తరం) అయితే 1.20, అవసరమైతే 1.25. ఇంటెల్ 8 నుంచి 10వ తరం వరకు సిస్టమ్ ఏజెంట్ 1.20, వీసీసీఐఓ 1.15 చుట్టుపక్కల. అక్కడ నిలబడకపోతే స్పీడ్ తగ్గిస్తాను. ర్యామ్‌కి డీడీఆర్4లో 1.35 నిశ్చింతగా పెడతాను, కేబినెట్‌లో గాలి బాగా ఆడితే 1.40 వరకు వెళ్తాను. లేబుల్ మీదే 1.45 అని ఉన్న కిట్‌లు వేరు. డీడీఆర్5లో 1.25 నుంచి 1.35 వరకు. 1.40 అని రాసి అమ్మే కిట్ అయితే 1.40. డీడీఆర్5లో వోల్టేజ్‌ని తయారుచేసే చిప్ స్టిక్ మీదే ఉంటుంది, బోర్డు నుంచి 5 వోల్టులు తీసుకుని దించుకుంటుంది. అందుకని వేడి స్టిక్ మీదే పుడుతుంది. ఇంకొకటి, ర్యామ్ వోల్టేజ్ పెంచినప్పుడు కొన్ని ఏఎం5 బోర్డులు ప్రాసెసర్ వైపు మెమరీ ఐఓ వోల్టేజ్‌ని కూడా దానితో సమానంగా లేపుతాయి. ఆ వరుస కూడా చూసుకోండి.

అంకె కొట్టేటప్పుడు తొందర వద్దు. బయోస్ పేజీలో ప్రాసెసర్ కోర్, ఎస్ఓసీ, ర్యామ్ వోల్టేజీలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. కీబోర్డుతో కిందికి దిగేటప్పుడు ఒక్క వరుస తప్పితే ర్యామ్‌కి పెట్టాల్సిన 1.40 ఎస్ఓసీలో పడుతుంది. సేవ్ చేసేముందు చాలా బోర్డులు మార్చిన వాటి జాబితా చూపిస్తాయి. దాన్ని పైకి చదవండి, పక్కన ఎవరైనా ఉంటే వాళ్ల చేత చదివించండి. నా షాపులో పని నేర్చుకునే పిల్లల చేత ఇప్పటికీ అలాగే చదివిస్తాను.

వోల్టేజ్ పెంచాల్సి వస్తే ఒకసారికి 0.01, మహా అయితే 0.02. ఒకసారి ఒకటే మార్చండి. అంతకన్నా ముందు ఇంకో రెండు మందులున్నాయి. స్పీడ్ ఒక మెట్టు దించడం, టైమింగ్ ఒక మెట్టు వదులు చేయడం. 3600లో సీఎల్ అనే టైమింగ్ 16 దగ్గర నిలబడకపోతే 18 పెట్టి చూడండి. గేముల్లోనైనా ఎడిటింగ్‌లోనైనా ఆ తేడా చేతికి తెలియదు. వోల్టేజ్ పెంచితే ఎర్రర్లు పోతాయన్నది కూడా ఎప్పుడూ నిజం కాదు. ఒక హద్దు దాటాక వేడికి ఎర్రర్లు పెరుగుతాయి.

నాలుగు స్టిక్కులు పెట్టి, బూట్ కావడం లేదని వోల్టేజ్ పెంచేవాళ్లు కూడా ఎక్కువయ్యారు. నాలుగు స్టిక్కులంటే కంట్రోలర్ మీద భారం వేరు. రైజెన్ 7000కి ఏఎండీ ఇచ్చిన లెక్కే చూడండి: రెండు స్టిక్కులకు 5200, నాలుగింటికి 3600. కంపెనీయే అంత దించింది. నాలుగింటితో 6000 కావాలని వోల్టేజ్‌తో నెట్టకండి. పాత రెండు అమ్మేసి, ఎక్కువ కెపాసిటీ ఉన్న రెండు స్టిక్కుల కిట్ కొనుక్కోండి.

డీడీఆర్5లో మార్పులు సేవ్ చేశాక మొదటిసారి స్క్రీన్ కొన్ని నిమిషాల పాటు నల్లగానే ఉంటుంది. టెన్షన్ పడి స్విచ్ ఆపకండి. బోర్డు ర్యామ్‌కి సరిపడే లెక్కలు వెతుక్కుంటోంది. పావుగంట దాటినా రాకపోతే అప్పుడు ఆపండి. ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, బయోస్ సెట్టింగులు చెరిపేసే క్లియర్ సీమాస్ జంపర్ పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలపండి. జంపర్ దొరక్కపోతే నాణెంలా ఉండే బ్యాటరీని ఐదు నిమిషాలు బయట పెట్టండి.

బూట్ అయిందని విండోస్‌లోకి వెళ్లిపోకండి. నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. ర్యామ్ తప్పు రాస్తుంటే విండోస్ ఆ తప్పునే డిస్క్ మీద సేవ్ చేస్తుంది. మీ ఫోటోలు, మీ ప్రాజెక్టు, విండోస్ సొంత ఫైళ్లు, అన్నీ. బ్లూ స్క్రీన్ వస్తే నయం, ఎర్రర్ ఉందని తెలుస్తుంది. రామ్‌నగర్ సిస్టమ్ ఆ ఏడాదిన్నరలో బ్లూ స్క్రీన్ ఇచ్చింది రెండుసార్లే. కాబట్టి ముందు పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 నాలుగు పాసులు, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి అయిపోతుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఫెయిలే. "ఒక్కటే గద" అని వదిలేయకండి. ఆ ఒక్క బిట్టే పెళ్లికూతురి ముఖం మీద పడింది. అది పాసైతే విండోస్‌లో ఓసీసీటీ కానీ టెస్ట్‌మెమ్5 కానీ రెండు మూడు గంటలు నడపండి. పక్కన వోల్టేజీలు, వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం తెరిచి పెట్టుకోండి. మీరు సెట్ చేసింది ఒకటి, బోర్డు ఇస్తున్నది ఇంకొకటి కావచ్చు. 1.35 పెడితే 1.37 చూపించే బోర్డులు నేను చూశాను. స్టిక్‌లో సెన్సార్ ఉంటే టెంపరేచర్ కూడా అందులోనే కనిపిస్తుంది. 50 డిగ్రీల లోపు ఉంచుకోండి.

మన ఊళ్లో డిసెంబర్‌లో చేసిన టెస్ట్ మే నెలకు పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బయట 40 దాటుతుంది. రేకుల కప్పు ఉన్న పై గదిలో, ఏసీ లేకుండా గేమ్ ఆడే కుర్రాళ్లు ఎంతమందో. చలికాలంలో 44 డిగ్రీలు చూపించిన స్టిక్ అక్కడ 58కి వెళ్తుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం రెండింటికి, ఏసీ ఆపి, గ్రాఫిక్స్ కార్డు మీద కూడా లోడ్ పెట్టి ఇంకోసారి టెస్ట్ చేయండి. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి గాలి సూటిగా ర్యామ్ మీదికే పోతుంది.

ఇంట్లో స్టెబిలైజర్ ఉంది, యూపీఎస్ ఉంది, ఇంకా భయమెందుకని కొందరు అడుగుతారు. అవి గోడ నుంచి వచ్చే 230 వోల్టుల సంగతి చూసుకుంటాయి. ర్యామ్‌కి 1.5 పంపమని మీరే బోర్డుకి చెప్పాక అవి చేసేదేమీ లేదు.

వారంటీ సంగతి కూడా తెలిసి ఉండాలి. చాలా ర్యామ్ కిట్‌లకు లైఫ్‌టైమ్ వారంటీ ఉంటుంది. డబ్బాతో కొన్న ప్రాసెసర్‌కి మామూలుగా మూడేళ్లే. ఓవర్‌క్లాకింగ్ వల్ల పాడైతే ఇంటెల్ వారంటీ అయినా, ఏఎండీ వారంటీ అయినా వర్తించదు.

మీ సిస్టమ్ ఇప్పటికే ఎక్కువ వోల్టేజ్‌లో నడుస్తుంటే ఇవాళే అంకెలు దించి, పెన్‌డ్రైవ్ టెస్ట్ పెట్టండి. పది ఇరవై జీబీల ఫోల్డర్‌ని, ఫైళ్లను కుదించే సెవెన్ జిప్ ప్రోగ్రాంలో పెట్టి, అందులోనే టెస్ట్ బటన్ నొక్కితే ఫైళ్లు సరిగ్గా పడ్డాయో లేదో తెలుస్తుంది. ఎర్రర్ వస్తే, వోల్టేజ్ పెరిగిన తేదీ నుంచి ఆ సిస్టమ్‌లో కాపీ అయిన ప్రతిదీ అనుమానించాలి. అప్పటి బ్యాకప్‌ను కూడా నమ్మొద్దు, చెడిన ఫైలే బ్యాకప్‌లోకి వెళ్లి ఉంటుంది. అసలు కార్డులు ఇంకా చెరపకుండా ఉంటే వాటి నుంచి మళ్లీ తెచ్చుకోండి.

రామ్‌నగర్ ఫోటోగ్రాఫర్ సిస్టమ్‌ని 2666, 1.20కి కట్టేసి, ఆ అంకెలు తేదీతో సహా కాగితం మీద రాసి సైడ్ ప్యానెల్ లోపల అంటించాను. ఆ సీజన్లో ఆయన తొమ్మిది పెళ్లిళ్లు తీశాడు. ఏడింటి కార్డులు అలాగే ఉన్నాయి. రెండు రోజులు షాపులోనే కూర్చుని అన్నీ మళ్లీ కాపీ చేసుకున్నాడు. మిగతా రెండు పెళ్లిళ్ల కార్డులు అప్పటికే ఫార్మాట్ అయిపోయి, మీద కొత్త ఫోటోలు పడ్డాయి. ఆ రెండు ఇళ్లకూ ఆయనే స్వయంగా వెళ్లి, ఏ ఫోటోలు పోయాయో చెప్పి వచ్చాడు.